నాలుగు పొట్లాల సముద్రం

"నీళ్ళు ఉప్పగానే ఉన్నాయా?" ఫోన్‌లో అడిగాడు కౌండిన్య.

"ఉన్నాయి," అంది కోమలి. ఆమె బకెట్‌లో వేలు కూడా ముంచలేదు. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చునే చెప్పింది.

"నాలుక మీద వేసుకుని చూశావా?"

"హైడ్రోమీటర్ ఉంది కదండీ. నీళ్ళలో వేస్తే ఉప్పెంతో అదే చెబుతుంది. మళ్ళీ నా నాలుకెందుకు?"

"దాని మీద నాకు నమ్మకం లేదు. నీ నాలుక మీద ఉంది."

కోమలికి ఒళ్ళు మండింది. పెళ్ళయిన ఆరేళ్ళలో తన వంట రుచి గురించి ఈ మనిషి ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. ఆమె సాంబారులో ఉప్పు వేయడం మరిచిపోయిన రోజు కూడా తలెత్తకుండా తిని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు బొటనవేలంత లేని రెండు నారింజరంగు సముద్రపు చేపల కోసం రోజూ ఈ ఆరాలు.

సూరత్ పక్కన హజీరాలో ఆక్సిజన్ తయారుచేసే ప్లాంటులో కౌండిన్య ఇంజనీరు. అది 2021 ఏప్రిల్. సూరత్ ఆసుపత్రులన్నీ ఆక్సిజన్ కోసం కొట్టుకుంటున్నాయి. ఒక సాయంత్రం అతను ఫోన్ చేసి, పదిహేను రోజులు ప్లాంటు గెస్ట్‌హౌస్‌లోనే ఉండాలి, ఇంటికి వదలరు అన్నాడు. బట్టలు సర్దుకోవడానికి కూడా అడాజన్‌లోని ఫ్లాటుకి రాలేదు. ప్లాంటు డ్రైవరు గుమ్మం బయటే నిలబడి సంచి అందుకుని పోయాడు. కోమలి కూడా అతన్ని లోపలికి రమ్మనలేదు. పక్క ఫ్లాటులో ఎవరైనా తుమ్మితేనే ఆమెకి నిద్ర పట్టదు.

ఆ ఫోన్‌లోనే ఆమెకి అంటగట్టిన పని ఈ సముద్రం. బొంబాయి నుంచి రావలసిన అక్వేరియం ఉప్పు ఆగిపోయాక అతను ఇంట్లోనే తయారుచేయడం మొదలుపెట్టాడు. బకెట్‌కి నాలుగు పొట్లాలు. ఒకటో నంబరు అయోడిన్ కలపని ఉప్పు, తక్కినవి మెగ్నీషియం, కాల్షియం, సోడా. ఏడాదికి సరిపడా తూచి, నంబర్లు వేసి పెట్టాడు.

"గంట దూరంలో డుమస్ సముద్రం ఉండగా ఇంట్లో ఇంకోటెందుకండీ?" అని ఆమె అప్పట్లో వెక్కిరించింది.

"ఆ మురికికి చేపలు చస్తాయి," అన్నాడు.

అప్పట్లో ఆదివారం ఒక్కసారే నీళ్ళు మార్చేవాడు. ఇప్పుడేమో రోజుకో బకెట్ కలపమంటున్నాడు. కలిపాక రుచి చూసి చెప్పమంటున్నాడు. "తిన్నావా?" అని అడగడం మాత్రం ఆ తర్వాతే. తినడమేమిటి, ఆ కోపంలో ఆమె వంట చేసి మూడు రోజులైంది. బిస్కెట్లూ టీతో గడుపుతోంది. బకెట్లు మోసి మోసి ఒళ్ళు హూనమైంది. వంటింటి నుంచి హాల్లోకి వచ్చేసరికి ఆయాసం వస్తోంది.

"ఒకసారి వీడియో పెట్టండి. మీ మొహం చూసి పదకొండు రోజులైంది."

"కెమెరా పాడైందన్నాను కదా," అన్నాడతను, రెండు మాటలకోసారి ఆగుతూ.

అప్పుడే అవతల ఒక ఆడగొంతు వినిపించింది. "సార్, ఎంతసేపు మాట్లాడ్తరు? ఫోన్ పక్కకు పెట్టి జర పండుకోండి. నేను ఈడ్నే ఉంట."

కోమలి నిటారుగా కూర్చుంది. "ఎవరామె?"

"జమున అని... మన తెలుగావిడే, గెస్ట్‌హౌస్‌లో వంట చూస్తుంది."

"వంటావిడ మిమ్మల్ని పడుకోమంటుందా? అక్కడే ఉంటానంటుందా?"

"తర్వాత చేస్తాను," అని అతను ఫోన్ పెట్టేశాడు.

అసూయతో రగిలిపోతూ ఆమె సోఫా మీంచి లేచింది. ఆ జమున ఎదురుగా లేదు. ఉన్నది గాజుతొట్టిలో హాయిగా తిరుగుతున్న చేపలే. చేతికందిన హైడ్రోమీటర్‌ని గోడకేసి కొట్టింది. మరో రెండు ఒకటో నంబరు పొట్లాలు చింపి, అప్పటికే కలిపి ఉంచిన బకెట్‌లో కుమ్మరించి, కర్రతో కలిపింది. తొట్టిలో పోసేస్తాను, చచ్చిపోనీ, ఆయన వచ్చి ఏడవనీ అనుకుంది.

రొప్పుతూ బకెట్ ఎత్తింది. మేత వేస్తుందనుకుని చేపలు రెండూ గాజు దగ్గరికి వచ్చి నోళ్ళు తెరిచాయి. పదకొండు రోజులుగా ఆ ఇంట్లో ఆమెని చూసి ఎదురొచ్చినవి అవి రెండే. కోమలికి చేతులు రాలేదు. బకెట్ కింద పెట్టేసింది.

మంచినీళ్ళు పోసి పలుచన చేద్దామనుకుంది. ఎంత ఉప్పుందో చెప్పే హైడ్రోమీటర్ ముక్కలై పడుంది. ఇక గతిలేక మొదటిసారి వేలు ముంచి నాలుకకి రాసుకుంది. ఏమీ తెలియలేదు. దోసిట్లో తీసుకుని పుక్కిలించింది. అప్పుడూ అంతే.

ఈసారి ఫోన్ ఆమే చేసింది. "ఏం ఉప్పు కొన్నారండీ? మూడు పొట్లాలు వేసినా నీళ్ళు చప్పగా ఉన్నాయి."

"పొట్లంలో పొడి ఉప్పు నోట్లో వేసుకో," అన్నాడతను.

వేసుకుంది. పళ్ళ కింద కరకరలాడింది. "ఇసుకలా ఉంది."

"ఇందాక ఉప్పగా ఉన్నాయన్నావు."

"ఇందాకా చూడలేదు, నిన్నా చూడలేదు. ఏ రోజూ చూడలేదు. మీకు నాకన్నా చేపలెక్కువని కోపం వచ్చి, ఊరికే చెప్పాను."

"ఒళ్ళునొప్పులున్నాయా? ఆయాసం?"

"బకెట్లు మోయిస్తే రావా మరి?"

అతను పక్కకి తిరిగి మాట్లాడటం వినిపించింది. "జమునా, ఈ వార్డులో ఇంకో మంచం దొరుకుతుందేమో అడుగమ్మా."

"అడుగుత సార్. మీరు లేవకుండ్రి."

"మంచమా?" కోమలి ఫోన్‌ని చెవికి నొక్కుకుంది. "మీరెక్కడున్నారు? ఎవరండీ ఆ మనిషి?"

"తలుపు గడియ తీసి కూర్చో, కోమలీ. బండి పంపిస్తున్నాను."

"ఏం బండి?"

"నాకు రుచి పోయి పదకొండు రోజులైంది."