సరోజినిగారి వంటింట్లో బియ్యం

రచయిత్రి గుడిమెళ్ల సరోజినిగారి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఐదేళ్ల మా వల్లిని తీసుకుని, డబ్బాలో బియ్యం పోసుకుని అక్కడికి వెళ్లాను. బడుల్లో అక్షరాలు తీసేసి పదేళ్లయింది. అన్నీ గోడలే చెబుతాయి, పిల్లలు వింటారు. నేను ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆ కాస్త చదువూ నాతోనే పోతుందేమోనని నాకు ఒకటే బెంగ.

సరోజినిగారు పొయ్యి పక్కన కూర్చుని రాసేవారట. సరిగ్గా అక్కడే పళ్లెం పెట్టి బియ్యం పరిచాను.

కాపలా మనిషి చినరమణయ్య పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది? గుడనుకున్నావా?"

"అక్షరాభ్యాసం, బాబాయ్. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ చేయించను?"

ఇంతలో గోడలోంచి సరోజినిగారి గొంతు వినిపించింది. పోయిన మనిషి గొంతును మ్యూజియం వాళ్లు అలా మాట్లాడిస్తున్నారు.

"ఎందుకు తల్లీ ఈ శ్రమ? నా కథలన్నీ నేనే చెబుతాగా."

"చెప్పండి, వద్దనను. మీరు చెప్పింది నిజమో కాదో నా కూతురు చదివి చూసుకుంటుంది," అన్నాను. వల్లి వేలు పట్టుకుని 'అ' దిద్దించాను.

చినరమణయ్య వంగి చూశాడు. "ఇలా ఉండేది కదూ! మర్చేపోయాను," అని గొణుక్కుంటూ వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు.

"ఏం రాశావు పాపా?" అని గోడ అడిగింది. మన గోడలకు చెవులే గానీ కళ్లు లేవు.

వల్లి బియ్యంలోంచి వేలు తీయకుండానే జవాబిచ్చింది.

"చెప్పను. నువ్వే చదువుకో."