సేఫ్టీ చుట్టాలు

“మీరే. ఆ పిల్ల రెండు కాళ్లూ విరగ్గొట్టింది మీరే,” అంది టీచరమ్మ మేనేజరుతో.

అతను గడియారం చూసుకున్నాడు. విచారణకొచ్చిన అధికారి రాయడం ఆపాడు.

నిన్న మధ్యాహ్నం మేడ మీది ఈ కుట్టు హాల్లోనే గుడ్డపీలికలకు నిప్పంటుకుంది. ఆడవాళ్లంతా వెనక తలుపు దగ్గరికి పరుగెత్తారు. దానికి తాళం. వెనక్కి తిరిగి పొగలో ఒకరినొకరు తోసుకుంటూ ముందు మెట్ల మీంచి బయటపడ్డారు. గుండీలు కుట్టే పిల్లకు ఊపిరాడలేదు. కిటికీలోంచి దూకేసింది.

“సేఫ్టీ ఫస్ట్ అని గోడల నిండా రాయించాం,” అన్నాడు మేనేజరు. “తాళాలన్నీ వాచ్‌మన్ దగ్గరుంటాయి. తానే వేశానని ఒప్పుకున్నాడు కూడా. ఇంక పోలీసులు చూసుకుంటారు.”

వాచ్‌మన్ స్టూలు మీద తల దించుకుని కూర్చున్నాడు.

“తన కన్నకూతురు కూడా లోపల మిషను తొక్కుతుంటే ఏ తండ్రయినా బయటికెళ్లే తలుపు మూస్తాడా?” అంది టీచరమ్మ. “ఆ తలుపు తెరిచి ఉందో లేదో చూసే దిక్కు ఉందా మీ ఫ్యాక్టరీలో? గోడ మీద రాతలు తలుపులు తీస్తాయా?”

వెనక తలుపు పక్కన నల్లబల్ల మసిబారి ఉంది. భోజనాల వేళ ఆమె అక్కడే ఇంగ్లీషు చెబుతుంది. మేనేజరుతో పోట్లాడి మరీ పెట్టించుకున్న క్లాసు. నిన్నటి మాట సేఫ్టీ.

“మనుషులకే కాదు, మాటలకూ చుట్టాలుంటారు. సేఫ్టీ పక్కన ఎవరెవరు కూర్చుంటారు?” అని అడిగింది నిన్న.

“పిన్ను,” అంది కత్తెర పని చేసే అక్క. “మాకు దక్కిన సేఫ్టీ అదొక్కటే టీచరమ్మా.”

నవ్వులయ్యాక బెల్టు వచ్చింది, హెల్మెట్టు వచ్చింది. చివర్న ‘డోర్’ అని టీచరమ్మే రాసింది. ఆపదొస్తే అటు పరుగెత్తాలని చెప్పింది.

ఇప్పుడు ఆ కత్తెర అక్క, మిగతా ఆడవాళ్లు గోడవారన నిలబడ్డారు. ఒక్కరూ టీచరమ్మ మొహం కేసి చూడనైనా చూడలేదు.

“ఊరుకోండమ్మా,” అన్నాడు వాచ్‌మన్, తల ఎత్తకుండానే. “మీరు మాట్లాడితే క్లాసు ఆగిపోతుంది. నా బిడ్డ ఇప్పుడిప్పుడే నాలుగు ముక్కలు నేర్చుకుంటోంది.”

“నువ్వుండు అన్నా,” అంది టీచరమ్మ.

పొద్దున ఆసుపత్రిలో గుండీల పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. “తలుపు తీసే ఉంటుందనుకున్నా టీచరమ్మా. అందరికన్నా ముందు అటే పరుగెత్తాను. మీరు చెప్పారుగా.”

అధికారి కలం తీశాడు. “అయితే వాచ్‌మన్ పేరే రాస్తున్నాను. ఎవరికైనా అభ్యంతరమా?”

టీచరమ్మ భుజం మీది సంచి దించింది. అందులోంచి తాళంచెవి తీసి టేబుల్ మీద పెట్టింది.

“ఆయన్ని ఇంటికి పంపించి నా పేరు రాయండి, బయటి జనరేటర్ మోతకు పాఠం వినబడట్లేదని ఆయన దగ్గర తాళం తీసుకుని గడియ పడని ఆ తలుపుకు వేసి, క్లాసయ్యాక తియ్యడం మరిచి ఇంటికి పోయింది నేనే.”