రెండు చామంతులు

రైసా తలుపు తీయగానే పక్కింటి కువబారా ముసలాయన రెండు చామంతులు చేతికిచ్చాడు. ఆయన కోటు తడిసి ముద్దయింది. రేవు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

పూలు చూసి ఆమె ఒక అడుగు వెనక్కేసింది. ఆమె పుట్టిన రష్యా దీవి సఖాలిన్‌లో సరిసంఖ్య పూలు పోయినవాళ్ళకే పెడతారు.

"మావారి పడవ సంగతేమైనా తెలిసిందా, కువబారా గారూ?"

"గాలి ఇంకా తగ్గలేదమ్మా," అని నవ్వాడాయన.

ఆ నవ్వంటేనే రైసాకు ఒళ్ళు మంట. భర్త షింపేయి పడవ తుఫానులో చిక్కినప్పటి నుంచి కబురు లేదు. ఈ జపాన్ రేవు ఊరు నెమురోలో ఎవరినడిగినా నవ్వుతారు, గాలి గురించి మాట్లాడతారు, జారుకుంటారు. చేపల కొట్టావిడే నయం. "సరిహద్దు దాటుంటాడు. మీ రష్యావాళ్ళే పట్టుకుపోయుంటారు, దయలేని జనం!" అని మొహం మీదే అంది. ఆ తిట్టునే రైసా దీవెనలా దాచుకుంది. పట్టుకుపోతే బతికున్నట్టేగా.

"రష్యన్ ఇంత బాగా మాట్లాడతారు, పూలు లెక్కపెట్టడం రాదా?" అంది విసుగ్గా. "మూడివ్వాలి, లేదా అయిదు. రెండంటే చావుకి! రేవుకొచ్చే మా రష్యన్ నావికులు మీకు బూతులొక్కటే నేర్పారా?"

ఆయన మన్నించమన్నట్టు నడుము వంచాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"క్షమించమ్మా. మీ రష్యావాళ్ళు ఎంతటి మాటైనా మొహం మీదే అనేస్తారు. మాకు నోరు రాదు."

పూలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. మూతపెట్టిన గంజి గిన్నె గడప పక్కన పెట్టి, "వేడిగా ఉండగానే తాగు," అని వెళ్ళిపోయాడు.

గిన్నె వెచ్చదనం చేతికి తగిలాక రైసా కోపం చల్లారింది. పాపం, ముసలాయన. జపాన్ మనిషికి మా పద్ధతులేం తెలుస్తాయి? ఒక పువ్వు తిరిగిచ్చేస్తే సరి. ఒకటే మిగులుతుంది, దోషం పోతుంది.

పువ్వు పట్టుకుని పక్కింటికి నడిచింది. దూరంగా రేవులో పడవలను హెచ్చరించే బూర మోగుతోంది. ఆయన తలుపు తెరిచే ఉంది. ఇన్నాళ్ళలో ఆ గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు. ఆయన భార్య పోయిందని తెలుసు, అంతే.

"కువబారా గారూ..."

లోపల దీపం వెనక, ఆయన ఏనాడూ పేరెత్తని ఆ భార్య పటం: బంగారు జుట్టు మీద రష్యన్ తలగుడ్డ, మెడలో శిలువ, ముందు గాజు గ్లాసులో రెండే రెండు చామంతులు.