ఇంజన్ దించిన బండి

“గేర్‌బాక్సు గూడ దించు ఎల్లన్నా,” అంది జానకి.

కోరుట్లలోని ఎల్లన్న షెడ్డులో ఆ పాత మెటాడోర్ వ్యాను ముందుభాగం విప్పి ఉంది. మెకానిక్ ఎల్లన్న ఒక్కో నట్టూ విప్పుతుంటే, ఆమె స్టూలు లాక్కుని కూర్చుని చూసింది. ఇంజన్, గేర్‌బాక్సు కలిసి గొలుసుకు వేలాడుతూ బయటికొచ్చాయి. నల్లటి ఆయిలు నేలంతా కారింది.

“పని మంచిగ జేసి మళ్ల ఎక్కిస్తనమ్మా,” అన్నాడు ఎల్లన్న.

“ఎక్కియ్యకు. రెండూ తుక్కుకు ఏసెయ్. బాడీ మాత్రం కొత్తదాని లెక్క కావాలె. లైట్లు, హారన్ పనిజెయ్యాలె. సారుకు చెప్పకు.”

ఎల్లన్నకు సంగతి అర్థమైంది. ఆమె భర్త సుధాకర్ రావుకు పక్షవాతం వచ్చి, కుడిచెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు. బండి నడపొద్దని డాక్టరు చెప్పాడు. ఆయన వినే మనిషి కాదు.

“మంచి పని జేస్తున్నరమ్మా. పాణం కంటె బండి ఎక్కువనా?”

జానకి స్టూలు పక్కకు జరిపి, ఆయిలు తొక్కకుండా దాటుకుని బయటికి నడిచింది.

మల్లాపూర్‌లోని ఇంట్లో సుధాకర్ రావు బండి కోసం కాచుకుని కూర్చున్నాడు. ఆయన పట్టుదల వెనక ఒక కసి ఉంది. తమ్ముడి కొడుకు విశ్వజిత్ ఓ పెళ్లిలో నలుగురి ముందూ నవ్వుతూ అన్నాడు, “పెదబాపు ఇగ స్టీరింగు పట్టేది లేదు” అని. ఆ మాట ఆయనను నిద్రపోనివ్వలేదు.

“వాణ్ణి పక్కన కూసోబెట్టుకొని జగిత్యాల దాంక ఉరికిస్త. భయమైతున్నది, దిగుత అన్నా ఆపను,” అనేవాడు భార్యతో.

“అట్లనే,” అనేది జానకి.

బండి రానే వచ్చింది. ఎల్లన్న మనుషులు తాడు కట్టి లాక్కొచ్చి, ఆయన లేవకముందే వాకిట్లో నిలబెట్టి వెళ్లిపోయారు. మీగడ రంగులో మెరిసిపోతోంది. ఆయన దాని చుట్టూ కర్ర పట్టుకుని తిరిగాడు. వెంటనే చుట్టాలందరినీ పిలిపించాడు.

విశ్వజిత్‌ను పక్కసీట్లో కూర్చోబెట్టి, తాను స్టీరింగు ముందుకెక్కాడు. హారన్ కొట్టాడు. వాకిలి అదిరింది. ఎడమచేతినే స్టీరింగు కుడివైపుకు సాచి తాళం తిప్పాడు.

చప్పుడు లేదు.

మళ్లీ తిప్పాడు. మళ్లీ తిప్పాడు. విశ్వజిత్ పెదవి బిగబట్టి కిటికీలోంచి బయటికి చూశాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

సుధాకర్ రావు ముఖం కందగడ్డలా అయింది. “జానకీ, ఏమైందే దీనికి?”

జానకి మెట్లు దిగి వచ్చింది. కొంగు సవరించుకుని, అందరికీ వినబడేలా చెప్పింది.

“ఇంజన్ దించి ఉన్నదండి, మా అమ్మ ఆఖరి చూపుకు గీ బండిల పంపుమని కాళ్లు వట్టుకుంటె మీరు నాకు చెప్పింది గూడ గిదే మాట, కాకపోతె అప్పుడు మీరు చెప్పింది అబద్ధం.”