గేటుకి మాత్రం తాళం

"అది నేను రాయలేదండి" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మనిషి.

తాతాజీ తలెత్తలేదు. లారీకెక్కించాల్సిన మామిడి అంట్లకి గోనెపట్టా చుట్టిస్తున్నాడు.

కడియంలో అతనికి సొంత నర్సరీ ఉంది. చుట్టుపక్కల నర్సరీల వాళ్లందరి కోసం ఒక ఆన్‌లైన్ ఫోరం కూడా నడుపుతున్నాడు. ఏ మొక్కకి ఏ తెగులొచ్చింది, ఏ లారీ ఎటు పోతోంది, అన్నీ అందులోనే మాట్లాడుకుంటారు. దానికి పెద్ద తనేనని అతనికి కాస్త గర్వం.

"ఇంతకీ మీరెవరండి?"

"ఫోరంలో పచ్చాకు అనే పేరుతో ఉండేది నేనేనండి. నా పేరు రాముడు. తునిలో నెట్ సెంటర్ నడుపుతాను."

తాతాజీ అప్పుడు తలెత్తాడు.

ఈ పచ్చాకు కొన్నాళ్లుగా అతని ప్రాణం తీస్తున్నాడు. "లాగిన్ పేజీ ఒక్కదానికే, మధ్యలో ఎవరూ చదవకుండా హెచ్‌టీటీపీఎస్ తాళం పెట్టారు. మిగతా పేజీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఫోరం మొత్తానికీ పెట్టండి" అని ఒకటే పోరు.

"మా కడియంలో గేటుకే తాళం వేస్తామండి. చుట్టూ క్రోటన్ కంచె చాలు. ఇన్నేళ్లలో ఒక్క మొక్క పోలేదు" అని తాతాజీ జవాబు రాశాడు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు.

అదే పచ్చాకు పేరుతో పోయినవారం ఒక పోస్టు వచ్చింది. కడియంలోనే ఉన్న లక్ష్మీదుర్గ అనే ఆవిడ నర్సరీలో కొబ్బరి మొక్కలకి వేరుకుళ్లు ఉందనీ, ఎవరూ కొనవద్దనీ.

ఆ రోజు నుంచి ఆవిడ గేటు ముందు లారీ ఆగలేదు.

"నేను మొక్కల ఫొటో పెట్టినప్పుడల్లా బాగున్నాయమ్మా అనేవాడండి ఆ పచ్చాకు. నేనేం చేశానని ఇంత పని చేశాడు?" అని లక్ష్మీదుర్గ తాతాజీ దగ్గర కళ్లొత్తుకుంది.

తాతాజీ అందరి ముందూ పచ్చాకుని నానా మాటలూ అని, ఖాతా మూసేశాడు.

ఇప్పుడు ఆ మనిషే ఎదురుగా ఉన్నాడు. బక్కగా, చేతిలో బస్సు టికెట్ నలుపుకుంటూ.

"మీ పేరు, మీ పాస్‌వర్డ్. ఇంకెవరు రాస్తారండి?"

"ఆ రోజు మీ లారీ స్టాండ్ దగ్గర టీకొట్టు వైఫైలో ఫోరం తెరిచానండి. తాళం లేని పేజీలు కదా, అదే వైఫైలో పక్కన కూర్చున్నవాడు ఎవడైనా, లాగిన్ అయ్యాక ఫోరం నాకిచ్చిన గుర్తింపు పట్టేసి నా పేరుతో రాసుకోవచ్చు. పాస్‌వర్డ్ అక్కర్లేదు."

"అంటే ఆ రోజు మీరు కడియంలోనే ఉన్నారు."

"ఉన్నానండి."

"ఏం పని మీద వచ్చారు?"

రాముడు తల దించుకుని బస్సు టికెట్‌ని ఇంకా చిన్నగా మడిచాడు.

తాతాజీకి అంతకన్నా రుజువు ఏం కావాలి?

"చాలండి. ఇక దయచేయండి."

"నా ఖాతా సంగతి తర్వాత చూద్దురు గాని. ఆవిడకి ఒక్క మాట చెప్పండి. రాసింది నేను కాదని. నేను చెప్తే నమ్మదు, మీరు చెప్తే వింటుంది."

"చెప్తాను లెండి" అన్నాడు తాతాజీ, మనిషిని వదిలించుకోవడానికి.

చెప్పలేదు.

కొన్నాళ్లకి తాతాజీ అదే టీకొట్టులో కూర్చుని ఫోరం చూసుకుని, రామచంద్రపురంలో పెళ్లికి వెళ్లాడు. భోజనాల దగ్గర ఉండగానే ఫోన్ల మీద ఫోన్లు. లారీ డ్రైవర్లందరూ దొంగలని తాతాజీ పేరుతో ఫోరంలో పోస్టు ఉంది.

"అది నేను రాయలేదు" అన్నాడు.

"మీ పేరు, మీ పాస్‌వర్డ్. ఇంకెవరు రాస్తారండి?" అన్నాడు అవతలి డ్రైవర్.

తాతాజీ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు.

ఆ వారంలోనే మనిషిని పెట్టి ఫోరం మొత్తం హెచ్‌టీటీపీఎస్‌లోకి మార్పించాడు. ఇప్పుడు ప్రతి పేజీకీ తాళం ఉంది. మూసేసిన పచ్చాకు ఖాతా మళ్లీ తెరిచి, అందరి ముందూ క్షమాపణ రాశాడు. జవాబు రాలేదు.

మొహం చూపించడానికి సిగ్గుగానే ఉంది. అయినా తుని బస్సెక్కాడు.

నెట్ సెంటర్ మూసి ఉంది. వెనక వాటాలో ఒకావిడ, రాముడి భార్య కాబోలు, బియ్యం ఏరుతోంది. గోడ మీద రాముడి ఫొటో, దానికి దండ.

"కడియం నుంచి వచ్చానండి. ఆయనతో చిన్న పని..." అంటూనే తాతాజీ చెప్పులు విడిచాడు.

"గుండె ఆగిపోయిందండి. పోయిన శుక్రవారం పెద్దకర్మ అయింది." ఆవిడ చేట పక్కన పెట్టి, కుర్చీ చూపించింది. "ఆయన చెల్లెలు మీ ఊళ్లోనే ఉందండి. తన పెళ్లికి ఈయన ఒప్పుకోలేదని మాటలు మానేసింది. ఈయన వేరే పేరు పెట్టుకుని, ఏదో ఫోరంలో తన మొక్కలు చూసి మురిసిపోయేవారు. ఆమధ్య కడియం దాకా వెళ్లి, వాళ్ల నర్సరీ కనబడేలా లారీ స్టాండ్ దగ్గర కూర్చుని టీ తాగి వచ్చేశారు. లోపలికి వెళ్లడానికి మొహం చెల్లలేదట."

తాతాజీ కూర్చోలేదు.

"ఆఖర్లో మాత్రం ధీమాగా ఉన్నారండి. అక్కడ ఒక పెద్దమనిషి తన తరఫున చెప్తానన్నారట. పోయిన రోజు చెల్లెలికి కబురు చేద్దామంటే మా దగ్గర నంబరు లేదు. ఆయన పేరుతో ఆ ఫోరంలోనే రాద్దామని చూశాం, లోపలికి రానివ్వలేదండి."

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మీదీ కడియమేగా బాబూ, కొబ్బరి మొక్కలు అమ్మే లక్ష్మీదుర్గ మీకు తెలుసా?"