కార్డు చెకింగ్

"మా లైన్ సక్కగనే ఉన్నదన్నా. మీ కంప్యూటర్ల నెట్‌వర్క్ కార్డే ఖరాబైంది," అన్నాడు ఫోన్లో కేబుల్ ఇంటర్నెట్ నడిపే ఉపేందర్.

"కార్డు గాదు, నీ తలకాయ ఖరాబైంది!" అని జగదీశ్ గయ్యిమన్నాడు. మిర్యాలగూడలో ఇంత పెద్ద రైస్ మిల్లు ఓనరు ఇంట్లో ఒక వస్తువు పాడవడమేమిటని ఆయన మంట.

లోపల కూతురు మనీషా కంప్యూటర్‌తో కుస్తీ పడుతోంది. వైరు పీకి మళ్ళీ గుచ్చింది. కార్డు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించింది. పక్కింటివాళ్ళ వైరు తెచ్చి పెట్టినా కార్డు మీది పచ్చలైటు వెలగలేదు. ఇంజనీరింగ్ కాలేజీలు ఎంచుకునే గడువు ఆ సాయంత్రంతో అయిపోతుంది. అప్పటికి నెట్ రాకపోతే ఆ పిల్లకు సీటు లేనట్టే.

"డాడీ, నేను నెట్ సెంటర్‌కు పోత."

"ఇంట్ల కంప్యూటర్ పెట్టుకొని గాడ లైన్ల నిలవడ్తవా? నలుగురు సూస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

కూతురి సీటు పోయినా ఫరవాలేదు గానీ ఇజ్జత్ పోకూడదు మరి. జగదీశ్ మళ్ళీ ఫోన్ మీద పడ్డాడు. "మనిషిని తోలు. కార్డు సంగతి ఇయ్యాల్నే తేలాలె!"

కాసేపటికి గేటు ముందు బైకు ఆగింది. భుజాన సంచితో ఒకాయన దిగి, "కార్డు చెక్ చేసేది ఉండె సార్," అన్నాడు.

"రావయ్యా, రా! నీ కోసమే సూస్తున్న."

వచ్చినాయన బిత్తరపోయాడు. అంత మర్యాద ఆయనకు ఏ ఇంటి ముందూ దొరికినట్టు లేదు. పోర్టికోలో మెరుస్తున్న కారును చూశాడు. తలెత్తి ఏసీలను చూశాడు.

"కారు మీదేనా సార్?"

"మరి నీదా? మొన్ననే తీసుకున్న. ఏసీలు అన్ని రూములల్ల ఉన్నయి. బైపాస్ కాడ రైస్ మిల్లు సూసినవా? అది గూడ మనదే."

ఎదురుగా ఉన్నది ఎవరైనా సరే, ఆస్తులు చెప్పుకోకపోతే జగదీశ్‌కు అన్నం అరగదు.

"కార్డు మీ పేరు మీదనేనా?"

"నా ఇంట్ల నా పేరు గాక ఇంకెవరి పేరుంటది?"

"నెలనెలా కోటా వస్తున్నదా సార్?"

"యాడ వస్తున్నదయ్యా! సగం నెలకే ఖతం. అడిగితే పైనుంచే తక్కువొస్తున్నదంటరు. అంతా దొంగలు!"

ఆయన తల ఊపాడు. ఆ మాట రోజూ వినేదే అన్నట్టుంది ఆ ఊపు.

"లోపలికి రా. కార్డు ఇప్పి సూడు," అన్నాడు జగదీశ్.

"అక్కర్లేదు సార్. బయటినుంచే సమజైంది."

జగదీశ్ మురిసిపోయాడు. పనిమంతుడంటే ఇట్లా ఉండాలి. "ఏం సమజైంది? అది బోగస్ కార్డు! ఇంజనీరింగ్‌ల చేరబోతున్న మా బిడ్డ పొద్దుగాల్నే చెప్పింది. తీసి పారెయ్!"

"తీసెయ్యాల్నా? మీరే చెప్తున్నరా సార్?"

"నేను గాక మా పాలేరు చెప్తడా?"

ఆయన ఇంకా నసిగాడు. "పాప ఇంజనీరింగ్‌ల చేరుతున్నట్టున్నది. కార్డు తీసేస్తే ఇబ్బంది గాదా?"

"ఇబ్బంది గావొద్దనే తీసెయ్యమంటున్న! ఎన్నిసార్లు చెప్పాలె నీకు? జల్ది కానియ్!"

"మంచిది సార్. ఇయ్యాల్నే తీసేస్త," అని దండం పెట్టి ఆయన బైకు వైపు నడిచాడు.

"డాడీ, టైమైపోతున్నది!" అని లోపలినుంచి మనీషా కేకేసింది.

"అయిపోయింది బిడ్డా! నేను నోరు తెరిస్తే ఏ పనైనా ఆగుతదా?" అని జగదీశ్ మీసం దువ్వుకున్నాడు. అంతలో చేతిలోని ఫోన్ మోగింది.

"అన్నా, మావాడు కొత్త కార్డు పట్టుకొని ఇప్పుడే బయల్దేరుతుండు," అన్నాడు ఉపేందర్.

"ఏం మాట్లాడుతున్నవయ్యా? వచ్చి పోతుండు గదా!"

"ఎవరన్నా? మావాడు నా ముంగల్నే ఉన్నడు."

జగదీశ్ ఒక్క ఉరుకున గేటు దగ్గరికి పోయాడు. చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచాడు.

"ఏయ్... ఇగో... నువ్వు ఏ కార్డు కోసం వచ్చినవ్?"

ఆయన బైకు దిగి, ఈసారి రెండు చేతులా దండం పెట్టాడు.

"ఎమ్మార్వో ఆఫీసు నుంచి సార్. 'నా తెల్ల రేషన్ కార్డు బోగస్‌ది, తీసి పారెయ్' అని కొట్లాడి చెప్పిన రైస్ మిల్లు ఓనర్ను నా నౌకరీల మిమ్ముల్నే సూసిన!"