తూము మీద మూడు చరఖాలు

2010 జనవరి పది, ఆదివారం. నువ్వులద్దిన సజ్జరొట్టె సగం తిని, మిగతాది పళ్లెంలోనే వదిలేసి కాశయ్య సార్ కోమటి చెరువు కట్ట ఎక్కేసరికి, తూము ఇనుప కడ్డీకి ఒకటి కాదు, మూడు చరఖాలు వేలాడుతున్నాయి.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. మూడే.

కట్ట మీద పతంగులు ఎగరేసేవాళ్లకు నాలుగేళ్లుగా ఒక ఒప్పందం ఉంది. పోలీసులు పెట్టింది కాదు, మున్సిపాలిటీ పెట్టింది కాదు, వాళ్లకు వాళ్లే పెట్టుకున్నది. తూము అవతలి తుమ్మచెట్లు కొంగలవి, అటు పతంగి పోకూడదు. కొంగలు గూళ్లకు మళ్లగానే పతంగులు దించాలి. సాదా దారమే కట్టాలి, గాజుపొడి పట్టించిన మాంజా తేకూడదు. తప్పు చేసినవాడు దారం చుట్టే తన చరఖాను తెచ్చి తూముకు తగిలించి, ఆ ఏడాదికి పతంగి ముట్టకూడదు. ఎవరూ ఏమీ అడగరు. కానీ ఆ చరఖా వచ్చేదాకా కట్ట మీద ఒక్క పతంగీ లేవదు. ఇవన్నీ నోటుబుక్కులో రాసి అందరిచేత ఊ అనిపించింది కాశయ్య సారే.

శుక్రవారం సాయంత్రం నీళ్ల పక్కన ఒక కొంగ రెక్క తెగి దొరికింది. రెక్కకు మూరెడు మాంజా చుట్టుకుని ఉంది. శనివారమంతా ఆకాశం బోసిపోయింది. ఒప్పందం చూసే కాపలా వారానికొకరి వంతు, ఆ వారం వాళ్లు పతంగి ఎగరేయరు; ఆ రోజు నుంచే వంతు కాశయ్యది.

కట్ట చివర ఉడకబెట్టిన పల్లికాయ అమ్మే అంజమ్మ, బుట్ట కింద కొంగను దాచి కూర్చుంది.

“ఎట్లుంది దాని పానం?” అడిగాడు కాశయ్య.

“దానికేంది, నా ఏలు పొడిచింది. చాపపిల్లనిస్తే మింగింది. బతుకుతది సారూ.”

కాశయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. “ఈ చరఖాలు ఎవరెవరివి?”

“గదేంది? అడగొద్దని మీరే రాస్తిరి.”

“ఒక్క కొంగను ముగ్గురు కోస్తరా అంజమ్మా?”

“ఏమో. ఒకటైతే నాది.”

“నువ్వెప్పుడు పతంగి ఎగరేసినవ్?”

“దేవుడు చేతులియ్యలేదా సారూ?” కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పుడే నేత పని చేసే బాలనర్సయ్య సైకిల్ దిగాడు. అడగకముందే చెప్పేశాడు. “నడుమది నాది సార్. తప్పయింది.”

“నీకు గాజు ఎక్కడిది?”

“సీసా పగలగొడితే రాదా?”

“దేంట్ల నూరినవ్?”

“రోట్ల.”

“మీ ఇంట్ల రోలు తీసేసి మిక్సీ కొన్నమని మొన్న నువ్వే చెప్పినవ్.”

“అయితే మిక్సీలనే పట్టినట్టున్న.”

“మిక్సీల పడితే బరకగైతది నర్సయ్యా. ఇది మెత్తగ నూరింది.”

బాలనర్సయ్య తలెత్తి సార్ ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. వెంటనే సైకిల్ చైను సవరించుకోవడంలో పడ్డాడు.

వీళ్లకు ఏదో తెలుసు. కాశయ్యకు అనుమానం గట్టిపడింది. ముగ్గురూ కూడబలుక్కునే చరఖాలు తగిలించారు.

మూడో చరఖా పతంగులు కట్టే ఇబ్రహీంది. అతను కొడుకు అర్షద్‌తో కలిసి పతంగుల కట్ట మోసుకుంటూ వచ్చాడు. ఏడాదంతా అతికినవి ఈ నాలుగు రోజుల్లో పోకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమే.

“నీ బతుకే పతంగులు ఇబ్రహీం భాయ్. నీ చరఖా గీడ వేలాడితే నీ తాన ఎవరు కొంటరు?”

“కట్ట తెరిస్తే కొంటరు సార్. బందు పెడితే అసలే కొనరు.”

“మరి అర్షద్ వేలికి ఆ పట్టీ ఏంది?”

అర్షద్ ముఖం ఎర్రబడింది. “వెదురు చీరింది సార్! చూస్తరా, ఇప్పమంటరా?”

“చుప్ రే,” అన్నాడు ఇబ్రహీం. “సార్‌తోని గట్ల మాట్లాడుతరా?”

కాశయ్య గొంతు పెంచాడు. “తెలంగాణ ఇస్తమని ఢిల్లీ డిసెంబరుల మాటిచ్చి, రెండు వారాలకే ఎనక్కి తీస్కుందని మనం దీక్షల కూసున్నం. ఇప్పుడు మాట తప్పినోన్ని మనమే దాస్తే ఏమన్నట్టు? ఎవర్ని దాస్తున్రు మీరు? చెప్పుండ్రి!”

అర్షద్ ఏదో అనబోతే ఇబ్రహీం అతని భుజం నొక్కాడు. చివరికి అంజమ్మే నోరు విప్పింది.

“ఢిల్లీ మనోడు గాదు సారూ. వీడు మనోడు.”

“రివాజు ప్రకారం చరఖా వచ్చింది,” అన్నాడు ఇబ్రహీం మెల్లగా. “ఒకటడిగితే మూడొచ్చినయ్. కట్ట తెరువుండ్రి.”

కాశయ్యకు అతని కళ్లలోకి చూడబుద్ధి కాలేదు. పక్కకు తిరిగి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

గంటలో చెరువు మీద ఆకాశం నిండిపోయింది. సగం పతంగులు గులాబీ రంగువే. ఒక్కటీ తూము దాటలేదు. పొద్దుగూకేవేళ మొదటి కొంగల బారు మళ్లగానే, ఎవరూ చెప్పకుండానే అన్నీ ఒక్కొక్కటిగా దిగిపోయాయి.

వెళ్లబోతుంటే ఇబ్రహీం ఒక దారపు ఉండ తెచ్చి కాశయ్య చేతిలో పెట్టాడు.

“వచ్చే శనివారం మీ వంతు అయిపోతది గద. సాదా దారం సార్, నేనే చుట్టిన. నిరుడు మీ పతంగి ఒక్కటి గూడ తెగకుండ మిగల్లేదని మావోడు అందరి ముందట నవ్విండు. వాడు పోరడు, ఎరుక లేదు. మాఫ్ చెయ్యిండ్రి.”

కాశయ్య ఆ ఉండను పట్టుకుని కట్ట దిగాడు.

ఇంట్లో దీపం పెట్టేవాళ్లు లేరు. భార్య పోయి ఏడాది దాటింది. చీకట్లోనే తడుముకుంటూ దారపు ఉండను గూట్లో పెట్టి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.

కొంగను కోసిన మాంజా ఆయనదే.